వియత్నాంలో టీచరుగా కుదురుకోవడం: పిలుపులు, "యెస్ టీచర్", చేప నీళ్లు

ప్రశ్న క్లుప్తంగా: గుంటూరు అమ్మాయి. ఎం.ఏ. ఇంగ్లీషు, 120 గంటల టెఫ్ల్ (పరదేశాల్లో ఇంగ్లీషు చెప్పే శిక్షణ) సర్టిఫికెట్ ఉన్నాయి. ఉత్తర వియత్నాంలోని హాయ్ ఫాంగ్‌లో ఒక ఇంగ్లీషు సెంటర్లో ఏడాది కాంట్రాక్టు వచ్చింది. 7 నుంచి 15 ఏళ్ల పిల్లలకు చెప్పాలి. శాకాహారి, గుడ్డు తింటారు. "అలవాటు పడటానికి ఎంతకాలం పడుతుంది? ముందు ఏం నేర్చుకోవాలి? పిల్లలు క్లాసులో నోరు విప్పరంటున్నారు, నిజమేనా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. క్లాసులో కుదురుకోవడానికి మూడు నెలలు చాలు. ఊళ్లో కుదురుకోవాలంటే మాత్రం ఒక చలికాలం, ఒక టెట్ పండగ (వాళ్ల కొత్త సంవత్సరం) దాటాలి. ముందు నేర్చుకోవాల్సింది వరసలు పెట్టి పిలవడం. పిల్లలు నోరు విప్పరన్నది సగమే నిజం. అడిగే పద్ధతి మారిస్తే విప్పుతారు.

ఇంకో మాట. అమెరికా, ఇంగ్లండు నుంచి వచ్చేవాళ్లకు అక్కడ అన్నీ వింతే, కాబట్టి జాగ్రత్తగా ఉంటారు. మనకు సగం మన ఊరిలాగే అనిపిస్తుంది: గురువంటే గౌరవం, పెద్దాచిన్నా, "పెళ్లయిందా, జీతమెంత" అనే ఆరాలు. అందుకే మనవాళ్లు ఒకలాగే కనిపిస్తూ వేరుగా ఉన్నచోట జారిపడతారు. ఆ చోట్లే చెబుతాను.

పిలుపులు

వియత్నామీస్‌లో "నేను, మీరు" అని అందరికీ సరిపోయే మాటలు దాదాపు వాడరు. చుట్టరికపు మాటలే సర్వనామాలు. మీకంటే కొద్దిగా పెద్దావిడ "చి", అంటే అక్క. పెద్దాయన "అఞ్", అంటే అన్న. చిన్నవాళ్లు ఆడైనా మగైనా "ఎమ్". మీ తల్లిదండ్రులకంటే పెద్దవాళ్లు "బాక్". నాన్నకంటే చిన్నాయన "చూ". పెదనాన్నకూ బాబాయికీ తేడా తెలిసిన మనకు ఇది ఒక్క పూటలో ఎక్కుతుంది. అందరినీ అంకుల్ అనే ఇంగ్లీషువాళ్లకు నెలలు పడుతుంది.

మనకు కష్టమైనది ఇంకోటి. మనం ఎవరితో మాట్లాడినా "నేను" నేనే. అక్కడ ఎదుటివాళ్లను బట్టి "నేను" కూడా మారుతుంది. అక్క వరస వాళ్లతో మీరు "ఎమ్", పిల్లలతో "కో", మీ ఇంటి ఓనరు పెద్దావిడతో "చావ్". ఆ మాట వినగానే ఉలిక్కిపడకండి, మనవరాలు, మేనకోడలు అని దాని అర్థం.

టీచరమ్మను "కో" అంటారు. ఇంట్లో అదే మాట మేనత్తకు. మగ టీచరైతే "థాయ్". పిల్లలు లేచి "ఎమ్ చావ్ కో అ" అంటారు. ఇందులో "చావ్" వేరే మాట, నమస్కారం అని. చివరి "అ" ఉంది చూశారూ, అది అచ్చం మన "అండీ". పెద్దవాళ్లతో ఏ వాక్యమన్నా చివర ఆ "అ" తగిలించండి. ఉచ్చారణ తప్పినా, స్వరం తప్పినా, ఆ ఒక్క అక్షరం మిమ్మల్ని మర్యాదస్థురాల్ని చేస్తుంది.

మీ వయసు పరిచయమైన మొదటి నిమిషంలోనే అడుగుతారు. వరస తేలాలంటే వయసు తెలియాలి కదా. పెళ్లి గురించి అడిగితే "లేదు" అనకుండా "చువా" అనండి. "ఇంకా కాలేదు" అని అర్థం. ఆ జవాబుతో మాట అక్కడితో ఆగుతుంది. "లేదు, చేసుకోను" అంటే అరగంట చర్చ.

పేర్లలో మనకు ఇంకో వెసులుబాటు ఉంది. వాళ్లకూ ఇంటిపేరు ముందు, అసలు పేరు చివర. కానీ ఇంటిపేరుతో ఎవరినీ పిలవరు. "ఙుయెన్ థి లాన్" అని ఉంటే ఆవిడ "కో లాన్". రిజిస్టరులో చాలామంది ఙుయెన్‌లే కనిపిస్తారు కాబట్టి ఇంటిపేరుతో పిలిస్తే ఎలాగూ పని జరగదు. మీ పేరు కూడా రెండు అక్షరాలకు కుదించుకుని వెళ్లండి. ప్ర, శ్రీ, క్ష లాంటి సంయుక్తాక్షరాలు వాళ్ల నోటికి పట్టవు. ప్రత్యూష అయితే ఉష అనుకోండి.

"యెస్" అంటే "వింటున్నాను" అని

ఉత్తరాదిన "వంగ్", "జా" అంటారు. దక్షిణాదిన ఆ "జా"యే "యా" అవుతుంది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే "చిత్తం, వింటున్నాను" అన్న గుర్తు అది. ఒప్పుకున్నారనీ, అర్థమైందనీ కాదు. పిల్లలు దాన్నే ఇంగ్లీషులోకి తెచ్చి "యెస్ టీచర్" అంటారు. కాబట్టి "డూ యూ అండర్‌స్టాండ్?" అన్న ప్రశ్న మీ నోటి నుంచి పూర్తిగా తీసేయండి. దాని బదులు:

పని చెప్పాక ఒక జంటను లేపి అందరి ముందూ ఒక్కసారి చేయించండి. తర్వాత "ఎన్ని వాక్యాలు రాయాలి? ఒక్కరా, ఇద్దరా? ఎన్ని నిమిషాలు?" అని చిన్న ప్రశ్నలు వేయండి. జవాబులు తడబడ్డాయంటే పని అర్థం కాలేదని లెక్క.

కొత్త టీచర్లు ప్రశ్న వేసి రెండు సెకన్లు ఆగి, తామే జవాబు చెప్పేస్తారు. మనసులో ఏడు దాకా లెక్కపెట్టండి. అంతకంటే బాగా పనిచేసేది ఈ వరస: ఒక నిమిషం సొంతంగా రాసుకోవడం, రెండు నిమిషాలు పక్కవాళ్లతో చెప్పుకోవడం, ఆ తర్వాతే అందరి ముందూ చెప్పడం. పక్కవాళ్లతో సరిచూసుకున్న జవాబైతే తప్పు పోయినా పరువు ఒక్కరిదే పోదు. మొదటి రెండు వారాలు ఒంటరిగా ఎవరినీ లేపి అడగకండి. జట్లు కట్టి పాయింట్లు ఇవ్వండి. పదేళ్ల లోపు వాళ్లయితే తర్వాత వాళ్లను ఆపడమే మీ సమస్య అవుతుంది. 13 దాటినవాళ్లే అసలు మౌనమునులు.

పక్కవాడికి జవాబు గుసగుసగా అందించడాన్ని అక్కడ కాపీగా చూడరు, సాయంగా చూస్తారు. పరీక్షల్లో ఆపండి, మామూలు క్లాసులో వదిలేయండి.

మందలిస్తే నవ్వుతారు. ఇది మనవాళ్లకు బాగా కోపం తెప్పిస్తుంది. "తిడుతుంటే నవ్వుతాడా" అని గొంతు పెంచుతాం. ఆ నవ్వు సిగ్గుది, తప్పు దొరికిపోయిందన్న ఇబ్బందిది. అందరి ముందూ తిడితే వాడి "మత్ మత్" అవుతుంది, అంటే ముఖం పోవడం. మన "తల కొట్టేసినట్టు" కావడమే అది. క్లాసయ్యాక పక్కకు పిలిచి రెండు ముక్కలు నెమ్మదిగా చెప్పండి.

మన ఒంటి భాషలో రెండు మార్చుకోవాలి. ఒకటి, మన తల ఊపు. "సరే" అంటూ మనం పక్కలకు ఊపేది వాళ్లకు "కాదు"లాగా కనిపిస్తుంది. పిల్లవాడు సరైన జవాబు చెప్పి, మీ తల చూసి తప్పనుకుని కూర్చుంటాడు. కిందికీ పైకీ ఊపడం అద్దం ముందు అలవాటు చేసుకోండి. రెండు, ఇంగ్లీషు పుస్తకాల్లో "గుడ్ లక్" అంటూ చూపుడువేలు, మధ్యవేలు మెలిపెట్టే బొమ్మ ఉంటుంది. ఆ సైగ వియత్నాంలో పచ్చి బూతు. పాఠంలో వచ్చినా చేత్తో చేసి చూపించకండి.

ఏదైనా ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు రెండు చేతులూ వాడండి. మనం ఎడమచేత్తో ఇవ్వం, వాళ్లు ఒంటిచేత్తో ఇవ్వరు. నోట్‌బుక్కు, అటెండెన్సు కాగితం, డబ్బు, అన్నిటికీ ఇంతే.

ఉచ్చారణ: ఇక్కడ మన లోపమూ వాళ్ల లోపమూ ఎదురెదురు

వియత్నామీస్ పలుకు చివర ప్, త్, క్, మ్, న్, ఙ్, ఞ్ లాంటి కొన్ని హల్లులే వస్తాయి. వాటిలోనూ ప్, త్, క్ లను గాలి వదలకుండా మింగేస్తారు. చివర స్, జ్, ఫ్, వ్, ల్, ష్ రానే రావు. అందుకే లైక్, లైట్, లైఫ్, లైన్స్ దగ్గర పిల్లలు తడబడతారు. సగం మంది నోట అన్నీ "లాయ్" అవుతాయి. బహువచనపు ఎస్, భూతకాలపు ఈడీ కూడా ఇలాగే మాయం. వాళ్ల భాషలో క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు కాబట్టి లేనిలోటు వాళ్లకు వినపడదు కూడా.

మనం దీనికి సరిగ్గా వ్యతిరేకం. చివర అచ్చు తగిలిస్తాం: బస్సు, కారు, బుక్కు. మీ నోట "లైకు" వచ్చిందంటే పిల్లలు దాన్నే రెండు అక్షరాల మాటగా నేర్చుకుంటారు. ఇక మనకు ఇంగ్లీషు వీ, డబ్ల్యూ రెండూ "వ"యే. వాళ్ల చెవికి ఆ రెండూ వేరు. మీరు తడి అన్న అర్థంలో "వెట్" అంటే వాళ్లు పశువుల డాక్టరని రాస్తారు. జడ్ ధ్వని ఉత్తరాది పిల్లలకు పుట్టుకతో వస్తుంది, మనం "జూ" అంటే తేడా పట్టేస్తారు. బయలుదేరేలోగా రెండు వారాలు, రోజుకు పావుగంట, ఫోన్లో రికార్డు చేసుకుంటూ వీ-డబ్ల్యూ, జే-జడ్, హల్లుతో ఆగే మాటలు సాధన చేయండి. యాస మార్చుకోమని కాదు, ఈ మూడూ చాలు.

క్లాసులో: ఎస్ మింగినప్పుడల్లా మాటతో సరిదిద్దకుండా గాల్లో చేత్తో పాములా ఎస్ గీయండి. వారంలో పిల్లలు ఒకరికొకరు గీసుకుంటారు. హాయ్ ఫాంగ్ చుట్టుపక్కల ఇంకో ప్రత్యేకత ఉంది: చాలామందికి ల, న తారుమారవుతాయి. "నైన్" అనబోయి "లైన్" అంటారు. దీనికి ముక్కు పరీక్ష పెట్టండి. ముక్కు మూసుకుని ల అంటే పలుకుతుంది, న అంటే గొంతులో ఆగిపోతుంది. ఒక్కటి మరవకండి. సొంత భాషలోనే ఈ తారుమారుని అక్కడివాళ్లు ఎగతాళి చేస్తారు, కాబట్టి ఒక్కరినే లేపకుండా క్లాసంతటితో చేయించండి.

మీరూ వియత్నామీస్ కొంత నేర్చుకోండి. ఉత్తరాదిన ఆరు స్వరాలు. "మ" అన్న ఒక్క అక్షరం స్వరాన్ని బట్టి దెయ్యం, బుగ్గ, కానీ, సమాధి, గుర్రం, వరినారు అవుతుంది. మనవాళ్లు ప్రశ్న అడిగేటప్పుడు చివర గొంతు ఎత్తుతారు. అక్కడ ఎత్తితే మాటే మారిపోతుంది.

అసిస్టెంటే మీ వారధి

సెంటర్లలో చిన్నపిల్లల క్లాసుకు "చొ జాంగ్" అని ఒక అసిస్టెంటు ఉంటుంది. సాధారణంగా ఇరవై, పాతికేళ్ల అమ్మాయి. ఆమెను ఫొటోకాపీలు తీసే మనిషిగా చూస్తే మీ ఏడాది పాడైనట్టే. తల్లిదండ్రులు మీ గురించి ఏమనుకుంటున్నారో, ఏ పిల్లవాడికి ఇంట్లో ఏం జరిగిందో, వచ్చేవారం క్లాసు రద్దవుతుందో లేదో ముందు తెలిసేది ఆమెకే. క్లాసుకు ముందు 10 నిమిషాలు కూర్చుని పాఠం చెప్పండి. ఏ నిమిషంలో ఆమె ఏం చేయాలో కాగితం మీద రాసివ్వండి. పిల్లల ముందు ఆమెను సరిదిద్దకండి.

సెంటరు మిమ్మల్ని సర్కారు బడికి పంపితే అసిస్టెంటు స్థానంలో ఆ క్లాసు టీచరు ఉంటారు. సెంటర్లో 15, 20 మంది ఉంటే బడిలో 35 నుంచి 45. ప్రైమరీలో పీరియడు 35 నిమిషాలు, పై క్లాసుల్లో 45. అంతమందిని అదుపు చేయాలని మీరు చూడొద్దు. క్లాసు లీడరుకు అప్పజెప్పండి, ఆ పని వాడికి అలవాటే.

ఫిర్యాదు ఎప్పుడూ మీ ముఖం మీద రాదు. తల్లికి మీ క్లాసు నచ్చకపోతే అసిస్టెంటుకు చెబుతుంది, ఆమె మేనేజరుకు చెబుతుంది, మేనేజరు మీకు నవ్వుతూ "అంతా బాగుంది" అంటాడు. రెండు వారాల తర్వాత మీ గంటలు తగ్గుతాయి. అందుకని నెలకోసారి అసిస్టెంటును కాఫీకి తీసుకెళ్లి, "క్లాసు ఎలా ఉంది" అనకుండా "వచ్చే నెల ఒక్కటి మార్చాలంటే ఏది మార్చమంటావు" అని అడగండి. మొదటి ప్రశ్నకు జవాబు "బాగుంది" తప్ప ఇంకోటి రాదు.

రిపోర్టులో కూడా ఇదే సూత్రం. మార్కులు 10కి. బలం రెండు వాక్యాలు, చేయాల్సిన పని ఒక వాక్యం, ఇంట్లో ఎలా చేయించాలో ఒక వాక్యం. "బద్ధకస్తుడు" అని రాస్తే ఆ మాట తల్లిదండ్రుల పెంపకం మీదికి వెళుతుంది.

టైంటేబుల్ మార్పు ముందురోజు రాత్రి "జాలో" యాప్‌లో వస్తుంది. అక్కడ వాట్సాప్ బదులు అదే. ఆదివారం సాయంత్రం మీరే వారం మొత్తం టైంటేబుల్ టైపు చేసి "ఇది సరేనా" అని పంపి జవాబు తెచ్చుకోండి. జీతం లెక్కలో తేడా వస్తే ఆ మెసేజే మీ సాక్ష్యం. సెంటర్ల పని సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా, శని ఆదివారాలు రోజంతా. మధ్యాహ్నం పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా దేశం మొత్తం కునుకు తీస్తుంది, ఆ వేళ ఎవరికీ ఫోను చేయకండి.

రంగు, "నేటివ్ టీచర్" గొడవ

దాచి లాభం లేదు. కొందరు తల్లిదండ్రులు "తాయ్", అంటే తెల్లవాళ్లే కావాలంటారు. అదే క్లాసుకు నేటివ్ టీచరుకు, అంటే ఇంగ్లీషు మాతృభాషైనవాళ్లకు, ఇచ్చే రేటు మీకు ఇవ్వకపోవచ్చు. వాదించి గెలిచేది కాదిది. డెమో క్లాసులో మొదటి ఐదు నిమిషాల్లో ప్రతి పిల్లవాడూ ఒక వాక్యం పూర్తిగా పలికేలా చూడండి. అద్దం వెనక నిలబడి చూసే తల్లికి కావాల్సింది తన బిడ్డ గొంతు వినడం. ఇక "లావయ్యావు", "ముక్కు బాగుంది", "నల్లగా ఉన్నావు" అని ముఖం మీదే అంటారు. మన పెళ్లిళ్లలో పెద్దమ్మలు అన్నట్టే తీసుకోండి.

పండగలు

నవంబరు 20 ఉపాధ్యాయ దినోత్సవం, 1982 నుంచి జరుపుతున్నారు. మన సెప్టెంబరు 5 కంటే హడావుడి చాలా ఎక్కువ. పూలు, కానుకలు వస్తాయి. ఇచ్చినవాళ్ల ముందు విప్పకండి. డబ్బు కవరు వస్తే సెంటరు నియమం ఏమిటో మేనేజరును అడిగి దాని ప్రకారం చేయండి. ఆ రోజు మీ అసిస్టెంటుకు మీరొక పువ్వు ఇవ్వండి. (వాళ్లకూ సెప్టెంబరు 5 ఉంది, అది బడులు తెరిచే రోజు.)

టెట్ చాంద్రమానపు కొత్త సంవత్సరం. 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది. "మొదటి రోజు తండ్రికి, రెండో రోజు తల్లికి, మూడో రోజు గురువుకు" అని వాళ్ల సామెత. మొదటి రోజు ఉదయం పిలవకుండా ఎవరింటికీ వెళ్లకండి. గడప తొక్కే తొలి మనిషిని బట్టి ఆ ఇంటి ఏడాది ఉంటుందని నమ్మకం. ఓనరు పిల్లలకు ఎర్ర కవరులో 20,000 నుంచి 50,000 డాంగ్ (వాళ్ల కరెన్సీ) పెట్టండి, కొత్త నోట్లే. కొట్లు చాలావరకు మూసేస్తారు, వారానికి సరిపడా సరుకులు ముందే తెచ్చుకోండి. ఆ సెలవులకు జీతం ఎన్ని రోజులకు ఇస్తారో సంతకం పెట్టేముందే అడగండి.

తిండి

శాకాహారమంటే "అన్ చాయ్". టీ కాదు సుమా. కష్టమంతా కూర మీద పోసే "నూక్ మమ్"తో, అంటే చేప నీళ్లతో. మనం ఉప్పు వేసే ప్రతిచోటా వాళ్లది అదే. దానికి తోడు "హాత్ నేమ్" అని పంది ఎముకల రసం రుచితో గుళికలు వేస్తారు. తోటకూర వేపుడు కూడా నమ్మడానికి లేదు. "శాకాహారం, చేప నీళ్లు వద్దు, హాత్ నేమ్ వద్దు, గుడ్డు తింటాను" అని వియత్నామీస్‌లో రాయించి ఫోన్లో పెట్టుకుని చూపించండి. గుడ్డు మాట విడిగా చెప్పాలి, "చాయ్" అంటే గుడ్డు కూడా లేనట్టే. పూర్తి శాకాహార హోటళ్ల బోర్డు మీద ఆ "చాయ్" మాటే ఉంటుంది. చాంద్రమానం ప్రకారం 1వ, 15వ తేదీల్లో వాళ్లలోనూ చాలామంది మాంసం ముట్టరు, ఆ రోజుల్లో అవి కిటకిటలాడతాయి.

ఇంట్లో వండుకుంటే బాధే లేదు. బజారులో తోటకూర, బచ్చలి, తూటికూర, బీర, సొర, కాకర, బెండ అన్నీ దొరుకుతాయి. కందిపప్పు, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు ఇంటి నుంచి తీసుకెళ్లండి. బియ్యం మెత్తగా అతుక్కునే రకం, నీళ్లు తగ్గించి వండండి. స్టాఫ్ విందులో పెద్దవాళ్లను "మోయ్" అని ఆహ్వానించాకే గిన్నె ఎత్తండి. తినే పుల్లలను (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చకండి, అది చనిపోయినవాళ్లకు అగరొత్తులు పెట్టినట్టు. మందు తాగకపోతే నీళ్ల గ్లాసే ఎత్తండి, పెద్దవాళ్ల గ్లాసు అంచుకు కొంచెం కిందగా తాకించండి.

ఇల్లు, వాతావరణం, రోడ్డు

డిసెంబరు, జనవరిలో చలిగాలులు వీచే రోజుల్లో 10 నుంచి 15 డిగ్రీలు, పైగా తేమ. క్లాసుల్లో హీటరు ఉండదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా "నోమ్" అని గోడలు, నేల చెమర్చే కాలం. బట్టలు ఆరవు, సర్టిఫికెట్లు బూజు పడతాయి, సిలికా పొట్లాలు వేసి గాలి చొరని కవర్లో పెట్టండి. ఇంటి ఓనరు పోలీసుల దగ్గర మీ తాత్కాలిక నివాసం నమోదు చేయించాలి, చేయనంటే ఆ ఇల్లు వద్దు.

బండ్లు కుడివైపున నడుస్తాయి. మన లైసెన్సు ఒక్కటే చూపిస్తే చెల్లదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సూ రాదు. మొదటి మూడు నెలలు గ్రాబ్ (యాప్‌లో పిలిచే) బైకు టాక్సీలే వాడండి. 2025 జనవరి నుంచి జరిమానాలు బాగా పెంచారు: బైకు మీద ఎర్రలైటు దాటితే 40 లక్షల నుంచి 60 లక్షల డాంగ్. మన రూపాయికి సుమారు 300 డాంగ్ అనుకుని లెక్కేసుకోండి. రోడ్డు దాటేటప్పుడు నెమ్మదిగా, ఒకే వేగంతో నడవండి. మధ్యలో ఆగినా, వెనక్కి తగ్గినా మీ చుట్టూ తిరిగి పోవాలనుకున్న బండి మీకే తగులుతుంది.

కాగితాలు

డిగ్రీకి, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీసు క్లియరెన్సుకు మన విదేశాంగ శాఖ ధ్రువీకరణ కావాలి, ఆపై వియత్నాం వైపు గుర్తింపు కూడా అవసరం కావచ్చు. పద్ధతులు మారుతుంటాయి కాబట్టి మొదలుపెట్టేముందు ఢిల్లీలోని వియత్నాం రాయబార కార్యాలయం సూచనలు చూసుకోండి. క్లియరెన్సు ఆరు నెలల్లోపుది అయ్యుండాలి, అందుకని దాన్ని చివర్లో తీయండి. ఇంగ్లీషు మాతృభాష కాని టీచర్లను భాషా స్థాయికి రుజువు కూడా అడుగుతారు. మీకు ఇంగ్లీషు ఎం.ఏ. ఉంది, అది సరిపోతుందో, ఐఈఎల్‌టీఎస్ కూడా కావాలో సెంటరుతో రాతపూర్వకంగా చెప్పించుకోండి. వర్క్ పర్మిట్ గరిష్ఠంగా రెండేళ్లు.

"ముందు 90 రోజుల ఈ-వీసాతో వచ్చి పని మొదలుపెట్టండి, పర్మిట్ తర్వాత చూద్దాం" అనే సెంటర్లున్నాయి. ఒప్పుకోకండి. పర్మిట్ లేకుండా పనిచేస్తూ దొరికితే కోటిన్నర నుంచి రెండున్నర కోట్ల డాంగ్ జరిమానా, దేశం నుంచి పంపేయడం కూడా పనిచేసినవాళ్లకు పడతాయి. మీ కాంట్రాక్టులో పర్మిట్ ఖర్చు ఎవరిదో, జీతం పన్ను పోగా చెప్పిందా పోకముందా, నెలకు కనీసం ఎన్ని గంటలు ఖాయమో, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసి ఇక్కడే రాయండి. లేకపోతే ఏ మాటల్లో చేర్చమనాలో చెబుతాను.